నీరు పల్లమెరుగు

పంపకాలు మొదలైతే ఎంత పెద్ద కమతమైనా చిన్న చిన్న చెక్కలైపోతుంది. ఆకాశంలోనూ ఇదే తంతు అని చదివినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత ఆలోచనలో పడ్డాను.

నక్షత్రాలు పుట్టేది చల్లని వాయుమేఘాలలో. ఆ చలి సున్నకు దిగువన సుమారు 260 డిగ్రీలు! మేఘం తన బరువుకు తానే ఎప్పుడు కుంగుతుందో జేమ్స్ జీన్స్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1902లో లెక్క కట్టాడు. వాయువు చల్లగా, చిక్కగా ఉన్నకొద్దీ చిన్న ముక్కలు కూడా వేరుపడి కుంగిపోతాయి. ఆ లెక్కన ఒక్కో ముక్కకు దక్కే వాటా ఇంచుమించు మన సూర్యుడంత. చాలావాటికి అదీ దక్కదు.

మరి మన రైతులు కార్తె పేరుగా ఎరిగిన ఆరుద్ర సూర్యుడికి పది రెట్లు మించిన బరువుతో ఎలా పుట్టింది? ఆ దాపునే కనిపించే ఓరియన్ నీహారిక నడుమ సుమారు ముప్పై రెట్ల నక్షత్రం కూడా ఉందే!

దీనిమీద పండితులలో రెండు పక్షాలు. పుట్టుకతోనే పెద్ద వాటా దక్కిందనీ, వాయువులోని సుడులూ అయస్కాంతశక్తీ ఆ ముక్కను చీలనివ్వలేదనీ ఒక పక్షం. కాదు, అన్నీ చిన్నవిగానే పుడతాయి, మేఘం నడుమ పడ్డది చుట్టుపక్కల వాయువు లాక్కుని బలుస్తుందని రెండో పక్షం.

2013లో చిలీ ఎడారిలోని ఆల్మా రేడియో దూరదర్శినితో 11,000 కాంతి సంవత్సరాల దూరాన ఒక మేఘాన్ని పరిశీలించారు. పీచుల్లాంటి వాయుధారలు అన్ని వైపులనుంచీ నడిమికి పారుతున్నాయి. ఆ నడిమి ముద్ద ఒక్కటే 500 సూర్యుల బరువు పైచిలుకు! నీరు పల్లమెరుగునని మనవాళ్లు ఊరికే అన్నారా? పల్లంలో మడి ఉన్నవాడికి ఊరి నీరంతా చేరినట్టు, నడుమ పుట్టినదానిదే అదృష్టం. తగవు ఇంకా తీరలేదు గాని, నా మొగ్గు రెండో పక్షానికే.

ఇదంతా మనకెందుకంటారా? సూర్యుడి ఆయువు వెయ్యి కోట్ల ఏళ్లయితే, ఈ మహానక్షత్రాలది కోటి ఏళ్ల లెక్క. పేలిపోతూ అవి తమ కడుపున వండినదంతా వెదజల్లుతాయి. మనం పీల్చే ప్రాణవాయువులో అధికభాగం ఆ వంటే.

భూముల పంపకం సంగతి వేరు. మేఘాల పంపకం మాత్రం సమానంగా జరిగివుంటే, ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేనూ, చదవడానికి మీరూ ఉండేవాళ్లం కాము!