పాటగాడి పనిముట్లపై సుంకం ఎత్తేయాలి

ముందు ఒక లెక్క చూద్దాం. విదేశంలో 20,000 రూపాయలు పలికే స్టూడియో స్పీకర్ల జతను సింగరేణి బొగ్గు బెల్టులోని రామకృష్ణాపూర్ కుర్రాడొకడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడనుకుందాం. విమానంలో వస్తాయి కాబట్టి రవాణా ఖర్చును ధరకు కలుపుతారు. వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపకూడదని నిబంధన ఉంది గనుక 4,000 వేసుకుందాం, బీమా సంగతి వదిలేద్దాం. 24,000 మీద 20 శాతం చొప్పున బేసిక్ సుంకం 4,800. ఆ సుంకం మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ 480. అన్నీ కలిపితే తేలే 29,280 మీద 18 శాతం ఐజీఎస్టీ 5,270. సరుకు మీద సుంకం, సుంకం మీద సర్‌చార్జీ, ఆ రెంటి మీదా మళ్లీ పన్ను. మొత్తం 10,550. ఈ సొమ్మును మన తరఫున ముందుగా కట్టినందుకు కొరియర్ సంస్థ వేసే రుసుము దీనికి అదనం. 20 వేల వస్తువు కార్మికుడి క్వార్టర్ గడప తొక్కేసరికి 35 వేలకు చేరుతుంది.

ఇందులో దొంగలెక్క ఏదీ లేదు. ప్రతి అంకె వెనకా ఒక నోటిఫికేషన్ ఉంది. ఆ బరువు ఎవరి నెత్తిన పడుతోందన్నదే మా ప్రశ్న. పాట పాడి, రికార్డు చేసి బతుకుదామనుకునేవాడికి మైకు, సౌండ్ కార్డు, మానిటర్ స్పీకర్లు, హెడ్‌ఫోన్లు పని సామాన్లు. ఒక పరిమితి దాకా వాటిపై బేసిక్ కస్టమ్స్ సుంకాన్ని పూర్తిగా ఎత్తేయాలి. ఐజీఎస్టీని 5 శాతానికి దించాలి.

బొగ్గు బెల్టు ఈ మాట ఎందుకు అడుగుతోందో చెప్పాలి. ఒకప్పుడు లక్ష మందికి పైగా పనిచేసిన సింగరేణిలో ఇప్పుడున్న కార్మికులు 40 వేల దరిదాపుల్లోనే. మందమర్రి ఏరియాలో పాత బాయిలు (భూగర్భ గనులు) మూతపడుతూ వచ్చాయి, పని ఓపెన్‌కాస్టుల వైపు మళ్లింది. తండ్రికి మస్టర్ పడిన చోట కొడుకులందరికీ మస్టర్ పడే రోజులు పోయాయి. ఆ కొడుకుల్లో కొందరు ఇంట్లో ఒక గదికి దుప్పట్లు కట్టి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, జానపదాలు, బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. మంచిర్యాల, గోదావరిఖని, కరీంనగర్ దాకా ఇదొక చిన్నపాటి కుటీర పరిశ్రమ. ఎన్నికలొస్తే అన్ని పార్టీలూ ప్రచార పాట కోసం ఈ గదుల ముందే వరస కడతాయి. పాట తీసుకుపోయే నాయకులకు ఆ మైకు మీద తమ ప్రభుత్వం వేసిన సుంకం మాత్రం గుర్తుండదు.

ఈ నేలకు పాట కొత్త కాదు. ప్రజాకవి గూడ అంజయ్య పుట్టిన లింగాపురం ఈ మంచిర్యాల జిల్లాలోదే. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజుల నుంచి, దుబాయి పోయినోళ్లు తెచ్చిన ప్యానాసోనిక్ టూ ఇన్ వన్‌ల మీదుగా, కార్మిక వాడల్లో చేతులు మారిన పాటల క్యాసెట్ల దాకా, మన చెవికి చేరిన ప్రతి శబ్దం మీదా సర్కారు చెయ్యి పడుతూనే ఉంది. గల్ఫ్ నుంచి వచ్చేవారు వెంట తెచ్చుకునే ఎల్‌ఈడీ టీవీలకు సుంకం మినహాయింపు 2013 ఆగస్టులో పోయింది. సామాను పరిమితి దాటితే 38.5 శాతం వంతున ఏళ్ల తరబడి వసూలైంది.

ఈ సుంకాల మూలంలో ఒక చూపు ఉంది. 1998 నాటి బ్యాగేజీ నిబంధనలు తిరగేస్తే అది తేటతెల్లంగా కనిపిస్తుంది. కొన్ని నెలలు విదేశంలో పనిచేసి తిరిగొచ్చేవారు తమ వృత్తి పరికరాలను కొంత విలువ దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని అందులో రాశారు. ఎవరి పరికరాలు? వడ్రంగి, ప్లంబర్, వెల్డర్, తాపీ మేస్త్రీ వంటివారివి. మంచిదే, గల్ఫ్‌లో రెక్కలు ముక్కలు చేసుకున్నవారికి దక్కాల్సిన గౌరవమే అది. అక్కడే ఇంకో మాట కూడా చేర్చారు: కెమెరాలు, క్యాసెట్ రికార్డర్లు, డిక్టాఫోన్లు, కంప్యూటర్లు, టైపురైటర్లు ఈ లెక్కలోకి రావు, అవి అందరూ వాడుకునే మామూలు వస్తువులట. అంటే ఫొటోగ్రాఫర్‌కు కెమెరా, పాట సేకరించేవాడికి రికార్డర్ ఢిల్లీ దృష్టిలో ఆటవస్తువులు. 2016లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి, చూపు మారలేదు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా వెంట తెచ్చుకోవచ్చు. ఆ ల్యాప్‌టాప్‌కు తగిలించే మైకుకు ఆ మర్యాద లేదు.

2022 బడ్జెట్‌లో లౌడ్‌స్పీకర్లు, హెడ్‌ఫోన్ల మీద సుంకాన్ని 15 నుంచి 20 శాతానికి పెంచారు. చెవిలో పెట్టుకునే పరికరాల తయారీ దేశంలో పెరగాలన్నది చెప్పిన కారణం. దేశీ తయారీకి అండగా నిలిచే సుంకానికి మేం వ్యతిరేకం కాదు. ఊళ్లో పెళ్లయినా, బోనాలైనా మోగే అహుజా సెట్టు ఢిల్లీ కంపెనీ సరుకే, దశాబ్దాలుగా నిలబడింది. రెండు వేల రూపాయల ఇయర్‌బడ్స్‌కు ఇక్కడే ఫ్యాక్టరీలు రావాలంటే రానివ్వండి. స్టూడియోలో వాడే కండెన్సర్ మైకులు, ఆడియో ఇంటర్‌ఫేస్‌లు, మానిటర్ స్పీకర్లు దేశంలో తయారుచేసేవారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లేని పరిశ్రమకు రక్షణ ఏమిటి? ఇయర్‌బడ్స్ కోసం కట్టిన గోడ స్టూడియో స్పీకర్లకు అడ్డం నిలిచింది.

కస్టమ్స్ టారిఫ్‌లో 98వ అధ్యాయం చూస్తే సింగరేణి వాళ్లకు బాగా అర్థమవుతుంది. 9801 శీర్షిక కింద గనుల వంటి ప్రాజెక్టులకు యంత్రాలు తెప్పించుకుంటే, ఏ భాగం ఏ వర్గంలోకి వస్తుందన్న పేచీ లేకుండా మొత్తానికి ఒకే రేటు వేసే ఏర్పాటు ఉంది. అదే అధ్యాయంలో మూడు మెట్లు దిగితే 9804. వ్యక్తులు సొంత వాడకానికి పోస్టులోనో విమాన కొరియర్‌లోనో తెప్పించుకునే వస్తువుల శీర్షిక అది. పెద్ద గని యంత్రానికి ఆదరణ, చిన్నవాడి మైకుకు ఆరా.

ఆ ఆరా ఎక్కడికి దారి తీస్తుందో చూడండి. సొంత వాడకానికేనని చెబితే 9804 వర్తిస్తుంది. యూట్యూబ్ నుంచి డబ్బు వస్తోందని నిజం చెబితే అది వ్యాపార దిగుమతి. అప్పుడు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి దిగుమతిదారు కోడ్ తీసుకోవాలి. దాని రుసుము 500 రూపాయలే, బెదిరించేది రుసుము కాదు, దాని వెంట వచ్చే కాగితాలు. ఇక్కడే అసలు అన్యాయం ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద స్టూడియో దిగుమతి మీద కట్టిన ఐజీఎస్టీని తాను వసూలు చేసే పన్నులో సర్దుబాటు చేసుకుంటుంది. దానికది ఖర్చే కాదు, కొన్నాళ్లు చేతులు మారిన డబ్బు. ఏడాదికి 20 లక్షల రాబడి లేక రిజిస్ట్రేషన్ అవసరమే రాని కుర్రాడికి మాత్రం ఆ 5,270 తిరిగి రాదు. హైదరాబాద్‌లో ఏసీ స్టూడియో నడిపేవారికి పన్ను లేదు, రామకృష్ణాపూర్‌లో దుప్పట్ల గదిలో పాడేవాడికి ఉంది. చేతితో చేసిన దేశీ వాయిద్యాలకు జీఎస్టీ లేకుండా చేసిన ప్రభుత్వమే, ఆ వాయిద్యం మోతను పట్టుకునే మైకు మీద 18 శాతం లాగుతోంది.

న్యాయంగా చెప్పాలంటే కొంత కదలిక వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పుల్లో వ్యక్తిగత దిగుమతులపై పన్ను 28 నుంచి 18కి దిగింది. 2026 బడ్జెట్‌లో వాటిపై కస్టమ్స్ టారిఫ్‌ను 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. విమానంలో వెంట తెచ్చుకునే సామానుకు సుంకం లేని పరిమితి 50 వేల నుంచి 75 వేలకు పెరిగింది. స్వాగతిస్తున్నాం. అయినా కొరియర్‌లో వచ్చే వస్తువు మీద భారం ఇంకా 30 శాతం దగ్గరే ఆగింది. పైగా పార్శిల్‌ను 9804 కింద చూస్తారా, స్పీకర్ల శీర్షిక కిందే లెక్కేస్తారా అన్నది తెప్పించుకున్నవాడికి ముందుగా తెలియదు. బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

గల్ఫ్ కుటుంబాల గోడు ఇంకొకటి. 2019 డిసెంబర్ 12 నుంచి పోస్టులో, కొరియర్‌లో కానుక పేరుతో దిగుమతులను నిషేధించారు. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు. చెల్లెలు రాఖీ పంపితే కానుక, అన్న దుబాయి నుంచి చెల్లెలికి మైకు పంపితే దిగుమతి! చైనా ఆన్‌లైన్ యాప్‌లు కానుకల ముసుగులో బట్టలు దించుతున్నాయని తెచ్చిన నిషేధమిది. ఆ దొంగతనం నిజమే, అరికట్టాల్సిందే. అమెరికా కూడా 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న మినహాయింపును 2025 ఆగస్టులో ఎత్తేసింది. ఐరోపా కూటమి 2021 నుంచి మొదటి యూరో నుంచే పన్ను వేస్తోంది. అందుకే అన్ని వస్తువులకూ తలుపులు బార్లా తెరవమని మేం అనడం లేదు.

మేం అడిగేదానికి హద్దు ఉంది. కొరియర్‌లో వచ్చే ప్రతి పార్శిల్‌కూ గుర్తింపు పత్రాలు ఎలాగూ అడుగుతున్నారు. ఆ వివరాల మీదే ఒక వ్యక్తికి ఏడాదికి లక్ష రూపాయల విలువ దాకా, పేర్లు రాసిపెట్టిన రికార్డింగ్ పరికరాలకు బేసిక్ సుంకం లేకుండా చేయొచ్చు. ఒకే మనిషి పది మైకులు తెస్తే కంప్యూటరే పట్టేస్తుంది. కోట్ల రూపాయల విగ్రహాలకు వెనకాడని ఖజానా దీనికి కుంగిపోదు. రెండోది, ఏ శీర్షిక కింద, ఏ రేటున, ఏ విలువ మీద లెక్కించారో తెలుగులో రాసిన చీటీ పార్శిల్‌తో పాటే రావాలి. లెక్క తప్పని తోస్తే 60 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లొచ్చని ఆ చీటీ మీదే ఉండాలి. చట్టంలో ఆ హక్కు ఉంది, ఎంతమందికి తెలుసు? మూడోది మరమ్మతు. బాగుచేయించడానికి విదేశానికి పంపిన పరికరం తిరిగొస్తే మరమ్మతు ఖర్చు, బీమా, రానుపోను రవాణా మీదే సుంకం పడాలి. పంపేటప్పుడే కాగితాలు సరిగా చేయించకపోతే మొత్తం విలువ మీద మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఆ కాగితాలు మంచిర్యాల పోస్టాఫీసులోనే పూర్తయ్యే ఏర్పాటు కావాలి.

మన కుర్రాళ్లకూ ఒక మాట. ఇన్‌వాయిస్‌లో ధర తగ్గించి రాయమని అమ్మేవారిని బతిమాలడం, డబ్బా మీద వాడిన సరుకని రాయించడం తెలివితేటలు కావు. పట్టుబడితే వస్తువు జప్తవుతుంది, జరిమానా పడుతుంది, ఆ తర్వాత పేరున వచ్చే ప్రతి పార్శిల్‌నూ విప్పి చూస్తారు. సుంకం అన్యాయమని గొంతెత్తి అడగాలంటే కాగితం శుభ్రంగా ఉండాలి.

బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్సును 2025 సెప్టెంబర్ దాకా పోగేసుకున్న కేంద్రానికి ఈ బెల్టు కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు. సింగరేణిలో 49 శాతం వాటా కూడా దానిదే. సింగరేణి సేవా సమితి తన ఉపాధి శిక్షణల జాబితాలో రికార్డింగ్‌ను చేర్చి, రామకృష్ణాపూర్‌లో పది మంది పంచుకునే ఒక గది ఏర్పాటు చేస్తే సుంకం తగ్గేలోపు కొంత ఊరట. ఐజీఎస్టీ రేటు తేలేది జీఎస్టీ మండలిలో, అక్కడ తెలంగాణకు కుర్చీ ఉంది. రాష్ట్ర ఆర్థిక మంత్రి తదుపరి సమావేశంలో ఈ అంశాన్ని రాతపూర్వకంగా పెట్టాలి. బేసిక్ సుంకం సంగతి పార్లమెంటుది. పెద్దపల్లి ఎంపీ ఈ లెక్క కాగితాన్ని ఆర్థిక శాఖ బల్ల మీద పెట్టి, వచ్చే బడ్జెట్‌లోపు జవాబు తేవాలి.