చేరే గడువు అమ్మాయికే

ఎంసెట్ ఫలితాలు వచ్చినప్పటినుంచి (దాని పేరు ఇప్పుడు ఈఏపీసెట్, మన నోళ్ళలో ఇంకా ఎంసెట్టే) సీట్ల కేటాయింపు ముగిసేదాకా నిజామాబాద్, బోధన్ నెట్ సెంటర్లలో ప్రతి ఏడాదీ ఒకే దృశ్యం. అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని వుంటుంది. వెనక తల్లి, మేనమామ నిలబడి వుంటారు. తెర మీద కాలేజీల పేర్లు, పక్కన ఫీజులు. "ఇంతకూ రీయింబర్స్‌మెంట్ వస్తదా రాదా? వస్తే ఎంతొస్తది?" అని మేనమామ ఫోన్లో ఎవరినో అడుగుతుంటాడు. ఆ ప్రశ్నకు ఖచ్చితమైన జవాబు ఆ గదిలో ఎవరి దగ్గరా వుండదు. హైదరాబాద్‌లో ఆ డబ్బులివ్వాల్సిన వాళ్ళ దగ్గరా వుండదు. అయినా గడువులోపు ఆప్షన్లు ఫ్రీజ్ చెయ్యాలి, సీటొస్తే ఫలానా తేదీలోపు రిపోర్ట్ చెయ్యాలి. చెయ్యకపోతే సీటు పోతుంది.

ఈ తేదీల గురించే ఈసారి రాయాలనిపించింది.

బోధన్ దగ్గరి ఒక ఊళ్ళో బీడీలు చుట్టే ఒక తల్లి వుంది. బీసీ కుటుంబం. ఆమె మామగారు శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1937లో మొదలై, 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబర్‌లో మూతపడ్డ ఆ ఫ్యాక్టరీతోపాటే ఇంట్లో నెల జీతమనేది పోయింది. ఆ తర్వాత ఇల్లు నడిచింది భర్త గల్ఫ్ నుంచి పంపే డబ్బుతో, ఆమె బీడీలతో. 2022లో పెద్దకూతురికి ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. పదివేలు దాటి మూడు వందలు.

ఈ పదివేలు ఏమిటో తెలిస్తేగాని తక్కిన కథ అర్థం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008-09 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్దఎత్తున అమలైంది. 2012-13లో దానికి కత్తెర పడింది. ఎస్సీ, ఎస్టీలకు మొత్తం ఫీజు. బీసీ, ఈబీసీలకు మాత్రం ఎంసెట్ ర్యాంకు పదివేల లోపు వుంటేనే మొత్తం ఫీజు, ఆపైన 35,000 మాత్రమే. రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు మారాయి, ఫీజులు పెరిగాయి. 2022లో 159 ఇంజనీరింగ్ కాలేజీలకు ఫీజులు ఖరారు చేసినప్పుడు అతి తక్కువ ఫీజు 45,000, అతి ఎక్కువ 1,60,000. పరిమితి మాత్రం ఆ 35,000 దగ్గరే వుంది. అంటే అన్నిటికంటే చవక కాలేజీలో చేరినా ఏటా 10,000 ఇంటినుంచే కట్టాలి. ఖరీదైన కాలేజీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరి ర్యాంకు 9,990, ఇంకొకరిది 10,010 అనుకోండి. నాలుగేళ్ళలో వాళ్ళ మధ్య తేడా 5 లక్షలు. ఇరవై ర్యాంకుల తేడాకి!

ఆ అమ్మాయికి రెండు దారులున్నాయి. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీ, అంటే 170 కిలోమీటర్ల దూరం, హాస్టల్ ఖర్చు వేరే. రెండోది దగ్గర్లోని ఒక కాలేజీ. దాని పి.ఆర్.ఓ. ఇంటికే వచ్చాడు. "మీ పాప మెరిట్ స్టూడెంట్ కదమ్మా, 35,000 పైన మీరు ఒక్క రూపాయి కట్టే పనిలేదు, మేం మాఫీ చేస్తం" అన్నాడు. కాగితం మీద ఏమీ రాయలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళిన మనిషిని కాగితం అడుగుతామా?

అసలు విచిత్రం ఇంకొకటుంది. ఆ ఏడాది కౌన్సెలింగ్ ఆగస్టులో మొదలైంది. మూడేళ్ళ కొత్త ఫీజుల ఉత్తర్వు అక్టోబర్‌లో వచ్చింది. ఈలోగా కొన్ని కాలేజీలు హైకోర్టు నుంచి మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకుని ఎక్కువ ఫీజులు వసూలు చేశాయి. అంటే పిల్లలు ధర తెలియకుండానే సరుకు కొన్నారు. 2025లో మళ్ళీ అదే తంతు. కొత్త ఫీజులు నిర్ణయించాల్సిన ఏడాదిలో, కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో, జూన్ చివర్న, ఈ ఒక్క ఏడాదికి పాత ఫీజులే అని ఉత్తర్వు వచ్చింది. కొన్ని కాలేజీలు కోర్టుకెక్కాయి. ప్రభుత్వం మాట మార్చుకోవచ్చు, కాలేజీ కోర్టుకెళ్ళొచ్చు, ఫీజుల కమిటీ వాయిదా వేసుకోవచ్చు. పద్ధెనిమిదేళ్ళ పిల్లకు మాత్రం గడువు గడువే.

మెరిట్‌కిచ్చే తక్కిన సాయాలూ ఇంతే. ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకోసమే పెట్టినది. ఏటా 50,000, కుటుంబంలో ఇద్దరు కూతుళ్ళ దాకా, ఆదాయం 8 లక్షల లోపు వుండాలి. నిజంగా మంచి పథకం. కానీ మొదటి ఏడాదిలో చేరాకే దరఖాస్తు, ఆ తర్వాత ఎప్పటికో ఎంపిక జాబితా. వస్తుందో రాదో తెలియని 50,000ని నమ్ముకుని ఏ తల్లి హైదరాబాద్ హాస్టల్‌కు కూతుర్ని పంపుతుంది? బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ వృత్తివిద్యా కోర్సులకు 25,000. అదీ చేరిన తర్వాతి మాటే. ఆ సంక్షేమానికి ఆధారమైన బీడీ సెస్సు 2017లో జీఎస్టీతోపాటు రద్దయింది కూడా.

దీన్ని మేం ఆడపిల్లల సమస్య అంటున్నామంటే కొందరు మిత్రులు ఒప్పుకోరు, మగపిల్లలకూ ఇదే కదా అంటారు. నియమం ఇద్దరికీ ఒకటే, నిజమే. అనిశ్చితి ఇంట్లోకి అడుగుపెట్టాక మాత్రం ఇద్దరి మీదా ఒకేలా పడదు. కొడుకు విషయంలో "చూద్దాం, ఎట్లనో అట్ల కడదాం" అనే నోరే కూతురి దగ్గరికొచ్చేసరికి "రాకపోతే ఏం జేస్తం" అంటుంది. కొడుక్కోసం పొలం తాకట్టు పెట్టడం పెట్టుబడి, కూతురి కోసమైతే జూదం. అందుకని తేలని డబ్బు ఎక్కడున్నా అమ్మాయి ఒక మెట్టు కిందికి దిగి ఎంచుకుంటుంది. మంచి కాలేజీకి బదులు దగ్గర కాలేజీ, ఇంజనీరింగ్‌కు బదులు బస్సులో వెళ్ళొచ్చే డిగ్రీ. డిగ్రీ చదువు తక్కువదని కాదు నా ఉద్దేశం. తనకు తానుగా ఎంచుకున్నదా, భయం ఎంచిపెట్టిందా అన్నదే ప్రశ్న.

ఇదే ప్రభుత్వం కల్యాణలక్ష్మి కింద పెళ్ళికి ఎంతిస్తుందో బోధన్‌లో ఎవరినడిగినా చెప్తారు: 1,00,116. చెక్కు ఆలస్యం కావచ్చు గాని అంకెలో సందేహం లేదు. కూతురి పెళ్ళి సాయం నోటికి రావడం, కూతురి చదువు సాయం ఎవరికీ తెలియకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

మెరిట్ అనే మాట గురించీ ఒక్క ముక్క చెప్పాలి. ఆ పదివేల ర్యాంకు ఎక్కడ తయారవుతుంది? రెండేళ్ళు లక్షలు పోసి చదివించే హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీల్లో. అక్కడికి ఇంట్లో ముందు పంపేది ఎవరిని? పొద్దున నీళ్ళు పట్టి, సాయంత్రం అమ్మకు బీడీలాకు కత్తిరించి పెట్టి, స్థానిక జూనియర్ కాలేజీలో చదివి తెచ్చుకున్న 10,300 ఎవరి మెరిట్‌కు తక్కువ?

ఆ అమ్మాయి దగ్గర కాలేజీలోనే చేరింది. రెండో ఏడాది మొదట్లో ఆఫీసులో చెప్పారు, ఆ మాఫీ మొదటి ఏడాదికేనని. ఆ పి.ఆర్.ఓ. అప్పటికే మానేసి వెళ్ళిపోయాడట. తల్లి మహిళా సంఘంలో లోను తీసుకుని కట్టింది. ప్రభుత్వం ఇవ్వాల్సిన 35,000 కూడా కాలేజీకి వేళకు చేరలేదు కాబట్టి, ముందు మీరు కట్టండి, వచ్చాక వాపసిస్తాం అన్నారు. బకాయిల మాట వాళ్ళు అబద్ధమాడలేదు. 2025 నవంబర్ మొదటి వారంలో ఈ బకాయిలకోసమే రాష్ట్రంలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు తలుపులు మూశాయి. కానీ ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య వున్న బాకీకి పూచీకత్తు ఆ పిల్లా, ఆమె సర్టిఫికెట్లూ ఎందుకు కావాలి?

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. వెబ్ ఆప్షన్లు తెరిచేలోపే ఆ బ్యాచ్‌కు నాలుగేళ్ళ ఫీజు, నాలుగేళ్ళ రీయింబర్స్‌మెంట్ ఎంతో ప్రకటించండి. ప్రకటించలేకపోతే గడువులు జరపండి. ఇరవై ర్యాంకులకు లక్షలు తారుమారయ్యే ఆ పదివేల గీతను తీసెయ్యండి. కాలేజీలిచ్చే రాయితీ ఏదైనా రాతపూర్వకంగా, ఎన్నేళ్ళకో, ఏ షరతు మీదో స్పష్టంగా వుండాలి.

అంతదాకా మన జాగ్రత్త మనదే. కాలేజీ వాళ్ళు మాఫీ అంటే లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకంతో రాయించుకోండి. మొహమాటపడొద్దు. 75 శాతం హాజరు తగ్గితే రీయింబర్స్‌మెంట్ ఆగుతుందని మరవొద్దు. మేనేజ్‌మెంట్ కోటాలోనో, స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే అసలే రాదు కాబట్టి, "తర్వాత చూద్దాం" అనుకుని కన్వీనర్ సీటు వదులుకోకండి. చేరినా, సీటు రద్దు చేసుకునే ఆఖరి తేదీ ఏదో రాసిపెట్టుకోండి, అది దాటితే కట్టింది తిరిగి రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి ఇచ్చెయ్యాలే తప్ప దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట కౌంటర్ దగ్గర గట్టిగా అనండి. ఒక్కరుగా వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి.

మొన్న ఆ ఇంటికెళితే చిన్నకూతురు ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. తల్లి చాట మీంచి తలెత్తకుండానే అడిగింది: "ఈసారన్న ఫీజెంతో ముందుగాల చెప్తరా అక్కా?"