తలుపు తెరిస్తే చాలదు

ఎవరైనా చదివి, సవరించి, పంచుకోగలిగేలా సోర్స్ కోడ్‌ను అందరి ముందుంచేదే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్, వేలాదిమంది చేయూతతో మహావృక్షమైంది. అయితే తలుపు తెరిచినంత మాత్రాన అతిథికి ఆదరణ లభించినట్లు కాదు. తొలి ప్రయత్నంలోని పొరపాటుకు పరుషవాక్కే బదులైతే, కొత్తవారు మరల ఆ గడప తొక్కరు. సహచరులపై ప్రయోగించిన కటువైన మాటలకు టోర్వాల్డ్సే 2018లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

కొత్తవారికి నేర్పడం కాలహరణమని కొందరి వాదన. కానీ నేటి నిపుణులు కలకాలం ఉండరు కదా! 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, ప్రతి అభ్యాసకునికీ ఒక అనుభవజ్ఞుని మార్గదర్శిగా నియమిస్తున్నది. తప్పును దిద్దాలి, మనసును నొప్పించరాదు. నేడు చేయి పట్టుకొని నడిచినవారే రేపు ఆ బాధ్యతను మోస్తారు.