వనవిహారంలో గృహస్థధర్మం

కార్తికమాసం మొదలుకొని పుష్యమాసాంతం వరకు విశాఖ మన్యంలోని కొండలు సూర్యోదయానికి పూర్వమే జనంతో నిండిపోతున్నాయి. చింతపల్లి మండలంలోని లంబసింగిలో శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సమీపానికి దిగుతుంది. పాడేరు సమీపంలోని వనజంగి కొండపై నిలబడితే లోయ అంతా మేఘసముద్రమై పాదాల క్రింద పరచుకొని కనిపిస్తుంది. ఈ దృశ్యాన్ని దర్శించడానికి కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, అద్దెకు దొరికే గుడారాలలో ఒక రాత్రి గడిపి తిరిగి వెళుతున్నాయి. కడప జిల్లా గండికోటలో పెన్నానది కోసిన లోయ అంచున, వికారాబాదు సమీపాన అనంతగిరి అడవులలో కూడా ఇదే దృశ్యం.

ఈ నూతన సంప్రదాయం గురించి ఆస్తికులలో రెండు అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. ఇది కేవలం భోగమనీ, ఆ ధనంతో, ఆ కాలంతో ఒక పుణ్యక్షేత్రాన్ని సేవించడం ఉత్తమమనీ కొందరి మతం. ఇది కేవలం విశ్రాంతి అనీ, దీనికీ ధర్మానికీ సంబంధమే లేదనీ మరికొందరి మతం. విచారిస్తే రెండూ అసంపూర్ణాలే. వనంలో నివసించడం ఆర్షసంప్రదాయానికి పరాయిది కాదు. అయితే మర్యాద లేని వననివాసాన్ని ఆ సంప్రదాయం ఎన్నడూ అంగీకరించలేదు.

వేదాధ్యయన విధానాన్నే చూడవచ్చు. తైత్తిరీయారణ్యకం బ్రహ్మయజ్ఞాన్ని విధిస్తూ, గ్రామం నుండి తూర్పునకో ఉత్తరానికో ఈశాన్యానికో వెళ్ళి, ఇండ్ల పైకప్పులు కంటికి కనబడని చోట కూర్చుండి స్వాధ్యాయం చేయాలని చెబుతున్నది. ఆరణ్యకాలు అన్న పేరే అరణ్యం నుండి వచ్చింది. ఆత్మవిద్యను బోధించే ఉపనిషత్తులలో ప్రధానమైనవి కొన్ని ఆ ఆరణ్యకాల అంతర్భాగాలే. శ్రీశైలం నల్లమల నడుమ వెలసింది. అహోబిలం నేటికీ అడవిలోనే ఉన్నది. తిరుమల శేషాచల శిఖరం. క్షేత్రం వేరు, వనం వేరు అన్న విభజన మన పూర్వులు చేసినది కాదు. అందువల్ల పైకప్పులు కనబడని చోట పిల్లలను ఒక రాత్రి నిద్రపుచ్చాలని కోరుకునే తల్లిదండ్రులను నిందించవలసిన పని లేదు.

ఆనందించడం కూడా దోషం కాదు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో శ్రీరాముడు సీతాదేవికి చిత్రకూట పర్వతాన్ని, మందాకినీ నదిని చూపిస్తూ పరవశించే సర్గలు రెండు ఉన్నాయి. రంగురంగుల ధాతువులను, పుష్పించిన వృక్షాలను, పక్షులను, సెలయేళ్ళను ఒక్కొక్కటిగా ఆమెకు చూపించి, ఈ గిరిని చూస్తుంటే రాజ్యభ్రంశం కూడా తన మనస్సును బాధించడం లేదని ఆయన అంటాడు. భార్యాభర్తలు, తోడుగా తమ్ముడు, ఆ తమ్ముడే నిర్మించిన పర్ణశాల, చుట్టూ కొండ, ఎదుట నది. ఇంతకంటె రమణీయమైన వనవాసచిత్రం మరెక్కడ ఉన్నది?

అయితే అదే కాండలో మరొక దృశ్యం ఉన్నది. నేటి గృహస్థుకు అది మరింత అవసరమైనది. అన్నను తిరిగి తీసుకొనిరావడానికి చతురంగబలంతో బయలుదేరిన భరతుడు ప్రయాగలో భరద్వాజ మహర్షి ఆశ్రమాన్ని సమీపించాడు. ఆశ్రమానికి క్రోశెడు దూరంలోనే సమస్త సైన్యాన్ని నిలిపివేశాడు. ఆయుధాలను, రాజచిహ్నాలను విడిచి, పట్టువస్త్రాలు ధరించి, పురోహితుడైన వసిష్ఠుని ముందు ఉంచుకొని, పాదచారియై లోపలికి వెళ్ళాడు. సైన్యంతో ఎందుకు రాలేదని మహర్షి ప్రశ్నించాడు. సైన్యం వస్తే ఆశ్రమంలోని వృక్షాలకు, జలానికి, భూమికి, పర్ణశాలలకు హాని కలుగవచ్చుననీ, అందువల్లనే ఒంటరిగా వచ్చాననీ భరతుడు బదులు చెప్పాడు.

వృక్షాలు, జలం, భూమి, ఇతరుల నివాసాలు. వనంలో గుడారం వేసుకునే ప్రతి కుటుంబానికీ ఈ నాలుగు మాటలే చాలిన ధర్మశాస్త్రం.

మొదటిది వృక్షం. చలిమంట లేనిదే కొండపై రాత్రి గడవదు. అందులో తప్పు లేదు. కానీ ఆ మంట కోసం పచ్చికొమ్మ విరిచినవాడు భరతుని మాట విననివాడే. ఎండి రాలిన పుల్లలు, గ్రామస్థుల వద్ద కొన్న కట్టెలు సరిపోతాయి. అగ్ని గృహస్థునికి పూజ్యదైవం. నిత్యం అగ్నిని ఉపాసించినవారి సంతతి నిప్పును అడవిలో అనాథగా వదలి నిద్రించడం అపచారం. బూడిద పట్టిన నిప్పు పైకి చల్లారినట్లు కనబడినా లోపల రగులుతూనే ఉంటుంది. నీరు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేయి ఆనిస్తే చల్లగా తగిలిన తరువాతనే అక్కడి నుండి లేవాలి. ఫాల్గున చైత్రాలలో, ఆకు రాలి ఎండిన కాలంలో, మంటే వేయకుండా ఉండడం శ్రేష్ఠం.

రెండవది జలం. నీటిలో మలమూత్ర విసర్జన చేయరాదనీ, ఉమ్మివేయరాదనీ తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్న వ్రతనియమంగా శాసిస్తున్నది. మనుస్మృతి మరింత వివరంగా మార్గం, గోశాల, దున్నిన నేల, జలం, పర్వతం, నదీతీరం, పుట్ట, ప్రాణులు నివసించే బిలం, జీర్ణదేవాలయం, ఈ స్థలాలన్నిటిలోనూ విసర్జనను నిషేధించింది. ఈ జాబితాను చదివినవారికి గండికోట గుర్తుకు రాక మానదు. అక్కడ నది ఉన్నది, కొండ ఉన్నది, మాధవరాయ, రంగనాథ ఆలయాల శిథిల వైభవం కూడా ఉన్నది. పూజ లేని ఆలయమైనా అది దేవతాయతనమే. అనంతగిరిలో మరొక విషయం స్మరించాలి. శ్రీ అనంతపద్మనాభస్వామి కొలువైన ఆ కొండలలోనే మూసీనది పుడుతున్నది. ఆ నీరు హైదరాబాదు నగరం నడుమగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణానదిలో సంగమిస్తుంది. కొండపై వాగులో గిన్నెలు తోమి సబ్బునీరు వదలినవారు ఆ నీరు ఎక్కడెక్కడికి వెళ్ళి చేరుతుందో ఒక్కసారి భావించాలి. ప్రాతఃకాలంలో గంగను, కృష్ణను స్మరించి స్నానం చేసే చేతితోనే ఆ పని జరగడం శోచనీయం.

మూడవది భూమి. అథర్వవేదంలోని భూమిసూక్తంలో ఒక అపూర్వమైన ప్రార్థన ఉన్నది: భూమిలో త్రవ్వినది శీఘ్రంగా మళ్ళీ మొలకెత్తాలనీ, త్రవ్వినవారి వల్ల ఆ తల్లి మర్మస్థానానికి, హృదయానికి గాయం కలుగకూడదనీ ఋషి వేడుకుంటాడు. గుడారపు మేకు దిగగొట్టే ముందు, పొయ్యికి గుంట తీసే ముందు, ఈ భావాన్ని పిల్లలకు రెండు మాటలలో చెప్పవచ్చు. నిద్ర లేవగానే పాదస్పర్శకు భూదేవిని క్షమాపణ కోరే ఆచారం ఎన్నో ఇండ్లలో నేటికీ ఉన్నది. ఆ క్షమాపణకు అర్థం ఉండాలంటే, త్రవ్విన గుంటను తిరిగి పూడ్చి, తెచ్చిన ప్లాస్టిక్ సీసాలను, పొట్లాలను సంచిలో వేసుకొని తిరిగి తీసుకొనిపోవాలి. అరకు లోయలో వలిసె పూలు పూసే వేళ ఛాయాచిత్రం కోసం చేను తొక్కేవారు గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ పసుపుపచ్చని పూవు అలంకారం కాదు. అది ఒక రైతు నూనెగింజల పంట.

నాలుగవది పర్ణశాల, అనగా అక్కడ నివసించేవారి ఇల్లు. మన్యం నిర్జనారణ్యం కాదు. బగతలు, కొండదొరలు, ఇంకా ఎన్నో ఆదివాసీ కుటుంబాలు తరతరాలుగా కాపురముంటున్న భూమి. యాత్రికుడు చూడవచ్చిన లోయ వారి వాకిలి. ఆ వాకిట వాహనం అడ్డంగా నిలపడం, అడగకుండా వృద్ధుల ముఖాలను చిత్రించడం, తండ్రి వయస్సు వారిని ఏకవచనంతో పిలవడం ఏ సంస్కారానికీ శోభనివ్వవు. “అయ్యా”, “అమ్మా”, “మీరు” అన్న మాటలు నగరంలో వాడి కొండపై మరచిపోవడానికి ఉన్నవి కావు. సందర్శకుల రాకతో ఆ గ్రామాలకు జీవనోపాధి కలుగుతున్నదన్న వాదం సత్యమే. అయితే ఆ ఉపాధి వారి చేతికి చేరాలి. వారి పసుపు, మిరియాలు, కాఫీ గింజలు వారపు సంతలో న్యాయమైన ధరకు కొనడం, నగరం నుండి ప్లాస్టిక్ పళ్ళేలు మోసుకొనిపోకుండా వారు కుట్టిన అడ్డాకు విస్తళ్ళలో భుజించడం ఉత్తమమార్గం. తిన్న విస్తరి మళ్ళీ మట్టిలోనే కలుస్తుంది.

భరతుడు పేర్కొనకపోయినా రామాయణమే చెప్పిన అయిదవ విషయం ధ్వని. చిత్రకూటంలో భరతసైన్యం సమీపించినప్పుడు ఆ కోలాహలానికి బెదరిన ఏనుగుల గుంపులు, మృగాలు దిక్కులకు పరుగెత్తాయి. ఆ పరుగును చూసియే శ్రీరాముడు కారణమేమిటో తెలుసుకొమ్మని లక్ష్మణుని ఆదేశించాడు. ధ్వనివర్ధకాన్ని వెంట తెచ్చుకొని అర్ధరాత్రి వరకు మ్రోగించేవారికి అడవి కనబడదు. అడవి వారిని చూసి అప్పటికే తొలగిపోయి ఉంటుంది. భక్తిగీతమైనా ఈ విషయంలో మినహాయింపు లేదు. జపంలో ఉపాంశువు వాచికం కంటె శ్రేష్ఠమనీ, మానసికం దానికంటె శ్రేష్ఠమనీ తెలిసిన సాధకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

వనానికి ఏమి తీసుకొనివెళుతున్నామన్నది కూడా విచారణీయమే. అరణ్యకాండలో సీతాదేవి భర్తకు ఒక కథ చెబుతుంది. ఒక తపస్వి వద్ద ఇంద్రుడు ఒక ఖడ్గాన్ని న్యాసంగా ఉంచి వెళ్ళాడు. దానిని కాపాడే నెపంతో ఎక్కడికి వెళ్ళినా వెంట మోసుకొనిపోతూ ఆ తపస్వి క్రమంగా క్రూరస్వభావుడై తపోభ్రష్టుడయ్యాడు. నేడు ప్రతి చేతిలోనూ ఉన్న చరవాణి ఖడ్గం కాదు. అయినా నిరంతరం చేతిలో ఉన్న వస్తువు చేతినే కాక మనస్సును కూడా తన స్వభావానికి త్రిప్పుకుంటుందన్న ఆ తల్లి సూక్ష్మదృష్టి దీనికీ వర్తిస్తుంది. మేఘసముద్రం ఎదుట నిలబడి దాని చిత్రాన్ని మాత్రమే చూసుకొని తిరిగి వచ్చే పిల్లవాడు కొండకు వెళ్ళినట్లు కాదు.

ఈ విమర్శ విహారయాత్రికులకు మాత్రమే చెందినదని ఆస్తికులు భావిస్తే అది పొరపాటు. కార్తికంలో ధాత్రీవృక్షం క్రింద దామోదరుని అర్చించి, పదిమందితో కలిసి భుజించే వనభోజనం ఎంతో ప్రాచీనమైన ఆచారం. ఆ భోజనం ముగిసిన తరువాత ఆ ఉసిరిచెట్టు మొదట మిగిలేది ఏమిటో చూస్తే భక్తులూ తలవంచుకోవలసిందే. ఏ వృక్షంలో దేవతను ఆవాహన చేశారో ఆ వృక్షం మొదటనే థర్మాకోల్ పళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసులు వదలడం పూజాఫలాన్ని అక్కడే పారవేయడం వంటిది.

ఇక అన్నిటికంటె కఠినమైన మాట ఒకటి ఉన్నది. భరతుడు సైనికులకు జాగ్రత్తలు చెప్పి అందరినీ ఆశ్రమంలోకి తీసుకొనిపోలేదు, సంఖ్యనే తగ్గించాడు. సత్పురుషుని సైన్యమైనా సైన్యం సైన్యమే. చిత్రకూటంలో ఈ సత్యం ఋజువైనది. భరతుడు పాదుకలతో తిరిగి వెళ్ళిన తరువాత శ్రీరాముడు ఆ రమణీయ స్థలాన్ని విడిచిపెట్టాడు. తల్లుల, తమ్ముని స్మృతి బాధించడంతోపాటు, సైన్యం విడిది చేసినందువల్ల ఏనుగుల, గుర్రాల మలంతో ఆ ప్రదేశం మలినమైపోయిందన్నది ఆయన తలచిన కారణాలలో ఒకటి. అంత ప్రేమించిన కొండను అంత ధర్మాత్ముని విడిది పాడుచేసింది. ఉద్దేశం ఎంత పవిత్రమైనా కొండ మోయగల భారానికి ఒక హద్దు ఉన్నదని ఆదికవి నిర్మొహమాటంగా చూపించాడు.

కనుక లంబసింగిలోగానీ అనంతగిరిలోగానీ రాత్రికి ఇన్ని గుడారాలే అన్న నియమం ఉండడం ధర్మసమ్మతం. ఆ సంఖ్యను నిర్ణయించడంలో ఆ నేలపై నివసించే గ్రామసభకు ప్రథమస్థానం ఇవ్వడం న్యాయం. చోటు లేదని చెప్పినప్పుడు కోపగించక మరొక మాసంలో రావడం ఆస్తికుని లక్షణం. నూతన సంవత్సర దినాన, వరుస సెలవులలో అందరూ పోయే చోటికి పోక, జనం లేని సాధారణ దినాలలో ఒకటి రెండు కుటుంబాలుగా వెళ్ళడం మేలు. అతిథి అన్న పదానికి ఒక్క రాత్రి మాత్రమే నిలిచేవాడని స్మృతికారులు అర్థం చెప్పారు. గృహస్థు తన ఇంట అతిథిని దేవునిగా పూజిస్తాడు. వనంలో తానే అతిథి. ఆతిథ్యం ఇచ్చేవారికి ఎంత ధర్మం ఉన్నదో, పొందేవారికీ అంతే ఉన్నది.

భరద్వాజాశ్రమ వృత్తాంతం భరతుని సమాధానంతో ముగిసిపోలేదు. ఆ వినయాన్ని చూసి ప్రసన్నుడైన మహర్షి, నిలిపివేసిన సైన్యాన్ని తానే పిలిపించి, తన తపశ్శక్తితో అందరికీ అపూర్వమైన విందు చేశాడు. క్రోశెడు దూరంలో ఆగినవారిని ఆశ్రమమే లోపలికి ఆహ్వానించింది. అడగకుండా చొరబడి ఉంటే వారికి దక్కేది త్రొక్కిన నేల మాత్రమే. పిల్లలను కొండకు తీసుకొనివెళ్ళే తల్లిదండ్రులు గుడారం వేసే ముందు వారికి ఈ కథ చెప్పాలి. మరునాటి ఉదయం బయలుదేరే ముందు వారిచేతనే ఆ స్థలాన్ని ఒకసారి పరిశీలింపజేయాలి. రాత్రి అక్కడ ఎవరైనా నిద్రించారా అన్న అనుమానం చూసేవారికి కలిగితే, ఆ కుటుంబం వనంలో అతిథిగా ఉన్నట్లే.

శుభమస్తు.