మొప్పలు చెప్పు మాట వినుడు

చేపల చెరువులుగల రైతు సోదరులలో పెక్కుమందికి ఒక అలవాటు గలదు. తెల్లవారుజామున గట్టుపై నిలిచి చూతురు. చేపలు పైకివచ్చి నోళ్లు తెరచుచున్నచో ప్రాణవాయువు తగ్గినదని గ్రహించి, అప్పుడు ఏరేటరు త్రిప్పుదురు, కొత్తనీరు పెట్టుదురు. దీనినే జాగ్రత్త యనుకొనుచున్నారు. నా అభిప్రాయములో ఇది జాగ్రత్త కాదు. ఆపద వచ్చిన పిదప చేయు చికిత్స. చేప పైకి తేలుట మొదటి హెచ్చరిక కాదు, ఇంచుమించు చివరిది.

మనము పీల్చు గాలి ఒక లీటరులో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండును. 30 డిగ్రీల వేడిమి గల ఒక లీటరు నీరు గాలినుండి గ్రహింపగలది సుమారు 7.5 మిల్లీగ్రాములే. ఇంత కొద్దిపాటి నిల్వపై బ్రతుకవలసినది కనుక, చేప దానిని అనుక్షణము కొలుచుకొనుచుండును. ఆ కొలత ముఖ్యముగా మొప్పలలోనే జరుగును.

మొప్పల పోగులపై ఇందుకొరకే కొన్ని ప్రత్యేక కణములు గలవు. ప్రాణవాయువు తగ్గగానే ఆ కణముల పొరలోని పొటాషియము ద్వారములు మూసికొనును. కణము మేలుకొని నాడుల ద్వారా మెదడుకు వార్త పంపును. కెనడా శాస్త్రజ్ఞులు 2004లో జీబ్రా చేప మొప్పలలో దీనిని ప్రయోగపూర్వకముగా చూపిరి. మన మెడలోని పెద్ద రక్తనాళముల చెంత ఇట్టి పనిచేయు చిన్న అవయవము మనకును గలదు. అయితే అది రక్తమునే పరీక్షించును. చేప మొప్పలు అటు నీటిని, ఇటు రక్తమును కూడ పరీక్షించును.

వార్త అందగానే చేప ఏమి చేయును? మొదట నోటిని, మొప్పమూతలను త్వరత్వరగా ఆడించి ఎక్కువ నీటిని మొప్పలపైకి త్రోయును. మేత తగ్గించును. ఇవి చాలనప్పుడే, గాలికి తగిలియుండు పైపొర నీటికొరకు పైకి వచ్చును. కనుక తవుడు సంచిలో మేత మిగిలినదన్న, అదియే మీకు ముందుగా అందిన కబురు. ఆ పూట మేత వేయుట మాని, కారణము వెదకవలెను.

అంతకన్న ముందే తెలిసికొను మార్గము కూడ గలదు. పచ్చబడిన చెరువులోని నాచు పగలు ప్రాణవాయువు నిచ్చును, రాత్రి తానే వాడుకొనును. ప్రొద్దుగ్రుంకిన పిదప రెండు గంటల ఎడముతో రెండుసార్లు కొలువుడు. రాత్రి 7 గంటలకు 8 మిల్లీగ్రాములు, 9 గంటలకు 7 ఉన్నచో, గంటకు అర మిల్లీగ్రాము తగ్గుచున్నదన్నమాట. ఈ లెక్కన ఉదయము 5 గంటలకు మిగులునది సుమారు 3. కట్ల, రోహులకు 5 ఉన్న మేలు. 3కు దిగినచో బాధ తప్పదు. ఇక ఏరేటరు నడిరాత్రియే త్రిప్పవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. మబ్బుపట్టిన దినములలో ఎరువు, మేత తగ్గింపవలెను.

కొలత బాగుండియు చేపలు రొప్పుచున్నచో, లోపము నీటిలో గాక మొప్పలలోనో, రక్తములోనో ఉండవచ్చును. మొప్పమూత ఎత్తి చూడుడు. ఆరోగ్యముగల మొప్ప ఎర్రగా నుండును. జిగురు, బురద, పరాన్నజీవులు పట్టిన మొప్పగుండ ప్రాణవాయువు రక్తములోనికి సరిగా చేరదు. గోధుమరంగు తిరిగినచో నీటిలో నైట్రైటు పెరిగియుండవచ్చును. అప్పుడు రక్తము ప్రాణవాయువును మోయలేదు. ఇట్టిచోట ఏరేటరు ఒక్కటే చాలదు. నీటిని పరీక్ష చేయించి, మత్స్యశాఖవారి సలహా పొందవలెను. కొర్రమీను పైకివచ్చి గాలి పీల్చుట మాత్రము దాని సహజగుణము. దానిని చూచి బెదరనక్కరలేదు.

కొలత పరికరమునకు ఖర్చగునని కొందరందురు. ఒక్క తెల్లవారుజామున తేలిన చేపల వెలతో పోల్చి చూచుకొనుడు. ఒంటరిగా కొనలేనివారు ఇరుగుపొరుగు చెరువులవారితో కలిసి ఒకటి కొని, సాయంత్రపు వేళ వంతులవారీగా వాడుకొనవచ్చును. ఏరేటరుకు డబ్బు పెట్టిన రైతు, దానిని ఎప్పుడు త్రిప్పవలెనో చెప్పు సాధనమునకు వెనుదీయుట న్యాయము కాదు.

చేప నోరు తెరచి అడుగువరకు ఆగకుడు. మొప్పలకు ముందే తెలిసిన సంగతిని మీరును ముందే తెలిసికొనుడు.