పాట పోలేదు, బ్యాటరీ పోయింది

ఈసారి కొంచెం ఘాటుగానే రాస్తున్నాం. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మన పూర్వ భాగంలో చాలా ఇళ్ళలో బీరువా అడుగు అర వెతికితే ఒక పాత ఎంపీ3 ప్లేయరో, ఐపాడో దొరుకుతుంది. అందులో సినిమా పాటల మధ్య అవ్వ పాడిన బతుకమ్మ పాటలు నాలుగైదు ఉంటాయి. మైకు ఉన్న ప్లేయర్ చేతికి వస్తే మనవరాలు సరదాకు రికార్డు చేసినవి. ఇప్పుడు అది ఆన్ కాదు. ఇంట్లో ఒకరు "పోయింది, పారెయ్యి" అంటారు. ఇంకొకరు "అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా" అంటారు.

మొదటిది తొందరపాటు మాట. రెండోది అబద్ధం. యూట్యూబ్‌లో ఉన్నవి ఎక్కువగా స్టూడియోలో డప్పులూ కీబోర్డూ పెట్టి పాడినవి. బీడీలు చుడుతూ పాడిన పాట, మధ్యలో మరాఠీ మాట దొర్లిన పాట, వెనక సాంచా చప్పుడు వినిపించే పాట అక్కడ వెతకండి, దొరికితే మాకూ పంపండి. పాడిన అవ్వల్లో చాలామంది ఇప్పుడు లేరు. మళ్ళీ పాడించుకుందామంటే ఎవరిని అడుగుతాం?

ఆన్ కాకపోవడం అంటే చచ్చిపోవడం కాదు. ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉన్న లిథియం బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. కేబుల్ పెట్టగానే తెర వెలగదు. రెండు నిమిషాలు చూసి విసిరేయకుండా రెండు మూడు గంటలు అలాగే ఉంచాలి. కేబుల్ కూడా చూసుకోవాలి. ఇంట్లో తిరిగే చవక కేబుళ్ళలో కొన్ని చార్జింగ్‌కే తప్ప పాటలు కాపీ చేయడానికి పనికిరావు. పాత ప్లేయర్లకు చాలావాటికి మినీ యూఎస్‌బీ ఉంటుంది, అందులో ఫోన్ పిన్ను గుచ్చి విరగ్గొట్టినవాళ్ళు మనలో ఉన్నారు. ఒక్క హెచ్చరిక: బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు. ముందు దాన్ని తెలిసినవాళ్ళతో తీయించండి.

ఐపాడ్ క్లాసిక్ అయితే పైన హోల్డ్ స్విచ్ చూడండి. నారింజ రంగు కనిపిస్తే లాక్ పడినట్టే. దాన్ని ఒకసారి అటూ ఇటూ జరిపి, మెనూ బటన్, మధ్య బటన్ కలిపి ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోండి, 8 సెకన్లో ఇంకొంచెమో పడుతుంది. గుర్తు రాగానే మధ్య బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి పోతుంది, అప్పుడు కంప్యూటర్ దాన్ని పెన్‌డ్రైవ్‌లా చూస్తుంది. పాటలు కనబడలేదని గాబరా వద్దు. దాచిన ఫోల్డర్‌లో నాలుగు అక్షరాల పిచ్చి పేర్లతో ఉంటాయి. లోపల టిక్ టిక్ మని చప్పుడు వస్తే మాత్రం పదే పదే ఆన్ చేయకండి, హార్డ్ డిస్క్ అరుగుతోంది. చిన్న ఎంపీ3 ప్లేయర్లయితే పవర్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. మెమరీ కార్డు ఉంటే తీసి ఆన్ చేయండి, పాడైన కార్డు దగ్గరే చాలా ప్లేయర్లు ఆగిపోతాయి.

ఇక అసలు కోపం. మన వాడకట్టులో ఒక ఇంటివాళ్ళు ప్లేయర్‌ను రిపేరుకు ఇస్తే మరుసటి రోజు కొత్తదానిలా పనిచేస్తూ తిరిగొచ్చింది. లోపల ఖాళీ. ఫార్మాట్ కొట్టి ఇచ్చాడు, డబ్బులూ తీసుకున్నాడు. అడిగితే "ఆన్ చేయమన్నారు, చేశాను" అన్నాడు. ఆయన లెక్కలో అది నిజమే. కంప్యూటర్ కూడా అదే అడుగుతుంది: ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయమంటారా అని. వద్దు అనండి. ఐపాడ్‌ను రిస్టోర్ చేయమంటారా అన్నా వద్దనే అనండి, రిస్టోర్ అంటే అన్నీ తుడిచేయడమే. తొందరపడి కొత్త పాటలు ఎక్కించకుండా ఉంటే, తుడిచిపోయినవి కూడా ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొన్నిసార్లు తిరిగి వస్తాయి.

నిజంగానే బోర్డు తుప్పు పట్టినవి ఉంటాయి. అవి పోయినట్టే అని ఒప్పుకుంటాం. కానీ చూడకుండానే ఒప్పుకోం. ఐపాడ్‌ను ఆపేస్తున్నామని కంపెనీ 2022 మేలో ప్రకటించింది, విడిభాగాలు ఏటేటా తగ్గుతాయి. ఫ్లాష్ మెమరీ కూడా కరెంటు లేకుండా ఎన్నేళ్ళయినా పాట పట్టుకుని ఉండదు. బీరువాలో పెట్టి తాళం వేస్తే భద్రం చేసినట్టు కాదు.

సంఘం పెద్దలను ఒక్కటే అడుగుతున్నాం. మార్కండేయ రథోత్సవానికి ఫ్లెక్సీలు కట్టించడానికి డబ్బుంది, బతుకమ్మకు డీజే పెట్టడానికి ఉంది. రెండు హార్డ్ డిస్కులు, నాలుగు రకాల కేబుళ్ళు కొనడానికి లేదా? ఒక ఆదివారం సంఘం హాలు తెరవండి. ఇళ్ళలో ఉన్నవన్నీ తెమ్మందాం, ఎవరి పాటలు వాళ్ళ పెన్‌డ్రైవ్‌లో వేసి, వాళ్ళు ఒప్పుకుంటేనే ఒక కాపీ సంఘం దగ్గర ఉంచుదాం. కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికి మా పిల్లలు సిద్ధంగా ఉన్నారు. ఈ పితృ అమావాస్య లోపే తేదీ చెప్పండి. ఫ్లెక్సీ మీద మా ఫొటో లేకపోయినా ఫర్వాలేదు.