కంటిపాపలో కిటికీ

జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో నీటిరంగులతో ఒక అడవి కుందేలును చిత్రించాడు. వియన్నాలోని అల్బెర్టీనా సంగ్రహాలయానికి చెందిన ఆ చిత్రాన్ని చూచినవారు రోమరోమంలోని జీవకళను ప్రశంసిస్తారు. ఆ ప్రశంస చిత్రకారుని హస్తకౌశలానికి చెందుతుందే గాని కుందేలుకు చెందదు.

చిత్రంలో పచ్చిక లేదు, పొద లేదు. కంటిపాపలో మాత్రం ఒక కిటికీ ప్రతిబింబిస్తున్నది. పొదలమాటున మెలగవలసిన ప్రాణి నాలుగు గోడల నడుమ ఉన్నదని ఆ చిన్న వెలుగు తెలుపుతున్నది. కంటిలో కిటికీని చూపడం డ్యూరర్‌కు అలవాటే. అతడు గీసిన మనుష్యుల కన్నులలోనూ అది కనిపిస్తుంది. అయినా మనిషి కంటిలో ఇల్లుగా తోచే కిటికీ అడవి ప్రాణి కంటిలో చెరగా తోచక మానదు.

కనుక వాస్తవిక చిత్రాన్ని అర్థం చేసుకోవాలంటే పోలికను మెచ్చుకోవడంతో ఆగరాదు. ఆ ప్రాణి ఎక్కడ, ఎవరి ఎదుట ఉన్నదో విచారించాలి. అందాన్ని చూచిన కన్ను చెరను కూడా చూడగలిగినప్పుడే సహృదయత సార్థకమవుతుంది.